డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు నేర్చుకోవడానికి అడ్డుపడేవి: థైరాయిడ్, ఐరన్, బీ12, నిద్ర ఎలా చూసుకోవాలి

మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు ఒక రంగుల ఆట ఉండేది. ఎర్ర బిళ్ల ఎర్ర గిన్నెలో వేయాలి, పసుపు బిళ్ల పసుపు గిన్నెలో వేయాలి, అంతే. ఆర్నెల్ల పాటు కష్టపడి నేర్చుకున్నాడు, నేర్చుకున్నాక గిన్నెలు కనిపిస్తే చాలు పరిగెత్తుకొచ్చేవాడు. ఆ తర్వాత, ఏ రోజు నుంచి అంటే చెప్పలేను గానీ, బిళ్ల చేతిలో పట్టుకుని ఊరికే చూస్తూ కూర్చోవడం మొదలైంది. స్పీచ్ థెరపీకి తీసుకెళ్తే పది నిమిషాలకే తల బల్ల మీద వాల్చేసేవాడు. వచ్చిన పదాల్లో మూడు నాలుగు పోయాయి. ఎవరిని అడిగినా ఒకటే మాట, "డౌన్ సిండ్రోమ్ కదండీ, ఈ పిల్లలు ఒక్కోసారి అలాగే వెనకబడతారు" అని. ఆ మాట నమ్మి మూడు నెలలు ఊరుకున్నాం. చివరికి రక్తం తీయిస్తే టీఎస్‌హెచ్ 38, ఫెర్రిటిన్ 9. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు నుంచి వచ్చే హార్మోన్, థైరాయిడ్ తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. ఫెర్రిటిన్ ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే అంకె. అంటే థైరాయిడ్ బాగా పడిపోయింది, ఒంట్లో ఐరన్ నిల్వ దాదాపు అయిపోయింది.

ఆ మూడు నెలలు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటాయి, అందుకే ఇది రాస్తున్నాను. తెలివితేటలు పెంచే మందు గానీ టానిక్ గానీ పొడి గానీ డౌన్ సిండ్రోమ్‌కి ఇంతవరకు లేదు. కానీ పిల్లాడికి ఉన్న తెలివిని వాడుకోనివ్వకుండా అడ్డుపడేవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మామూలు పరీక్షల్లో దొరుకుతాయి, దొరికితే చికిత్స ఉంది. తల్లిదండ్రులుగా మన ఓపిక, డబ్బు, టైమ్ మొదటిదాని వెనక పోతున్నాయి, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. నేను డాక్టర్‌ని కాను, మందు మోతాదులు నేను చెప్పను, అవి మీ పిల్లల డాక్టరే చెప్పాలి. ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి, ఇంట్లో ఎలా చేయాలి, ఇంతవరకే.

ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉండటం. దాని వల్ల మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉంటుంది, ముఖ్యంగా విన్నదాన్ని కాసేపు బుర్రలో నిలుపుకోవడం కష్టం, చూసింది నిలుపుకోవడం కాస్త సులువు. ఆ తేడాని తిండి మార్చి, విటమిన్లు పోసి సరిచేయలేం. అయితే అదే క్రోమోజోమ్ వల్ల థైరాయిడ్ జబ్బులు, గోధుమ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి మిగతా పిల్లలకంటే వీళ్లకి చాలా ఎక్కువగా వస్తాయి. ఇవన్నీ మెదడు మీద పైనుంచి పడే అదనపు బరువు. ఈ బరువు దించడమే మన పని.

థైరాయిడ్

మొదటి స్థానం దీనిదే. చిక్కేమిటంటే థైరాయిడ్ తగ్గినప్పుడు కనిపించే లక్షణాలు, అంటే మందకొడిగా ఉండటం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, ఎత్తు పెరగకపోవడం, కండరాలు మెత్తగా ఉండటం, ఇవన్నీ డౌన్ సిండ్రోమ్‌లో మామూలుగానే ఉండేవి. చూసి కనిపెట్టడం అనుభవం ఉన్న డాక్టర్‌కి కూడా కష్టం. కాబట్టి లక్షణాలు వస్తే చూద్దాంలే అనుకోకండి, తారీఖు పెట్టుకుని చేయించాల్సిన పరీక్ష ఇది. పుట్టగానే ఒకసారి, ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి, జీవితాంతం. పుట్టినప్పుడు మడమ దగ్గర రక్తం తీసి చేసిన పరీక్ష బాగుందని ఊరుకోకూడదు, ఎందుకంటే ఈ పిల్లల్లో థైరాయిడ్ సమస్య పుట్టాక ఏ వయసులోనైనా మొదలవుతుంది. ఇంకొకటి, కొన్నిచోట్ల పుట్టినప్పటి పరీక్షలో థైరాయిడ్ తయారుచేసే టీ4 అనే హార్మోన్ ఒక్కటే చూస్తారు, అలాంటప్పుడు కొద్దిపాటి లోపం తప్పించుకుపోయే అవకాశం ఉంది. రిపోర్ట్ చేతిలోకి తీసుకుని టీఎస్‌హెచ్ అనే అంకె ఉందో లేదో మీరే చూడండి.

పుట్టుకతో థైరాయిడ్ హార్మోన్ లేని బిడ్డకి, డౌన్ సిండ్రోమ్ ఉన్నా లేకపోయినా, మందు మొదలుపెట్టడం వారాల్లో జరగాలి. మొదటి రెండు వారాల్లోనే మొదలుపెట్టాలని డాక్టర్లు పట్టుబడతారు. ఆ వయసులో మెదడు ఎదగడానికి ఈ హార్మోన్ తప్పనిసరి, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. ఇక్కడ "ఇంకో డాక్టర్‌కి కూడా చూపిద్దాం, వచ్చే నెల చూద్దాం" అనకండి.

ఎక్కువమంది తల్లిదండ్రులకి ఎదురయ్యేది మాత్రం ఇంకో పరిస్థితి. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, ఏ 6 ఓ 8 ఓ ఉంటుంది, ఫ్రీ టీ4 మాత్రం మామూలుగా ఉంటుంది. ఇది ఈ పిల్లల్లో చాలా మామూలు. చిన్నపిల్లల్లో చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది కూడా. ఒక డాక్టర్ మందు వేయమంటాడు, ఇంకొకరు వద్దంటారు, మనకి టెన్షన్. దీనికి సంబంధించి నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం తెలుసుకుంటే మనసు కాస్త కుదుటపడుతుంది. 2005లో వచ్చింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన 196 మంది పసివాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రెండేళ్ల పాటు థైరాయిడ్ మందు, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండేళ్లకి మందు వేసిన పిల్లలు కదలికల్లో కాస్త, నెలకన్నా తక్కువ తేడాతో, ముందున్నారు. కానీ ఆ పిల్లలకే పదేళ్లు దాటాక మళ్లీ చూస్తే తెలివిలో గానీ కదలికల్లో గానీ తేడా ఏమీ మిగల్లేదు. తర్వాత 2020లో పారిస్‌లోని లెజూన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 175 మంది పిల్లలకి థైరాయిడ్ హార్మోన్, ఫోలినిక్ యాసిడ్ (ఒక రకం బీ విటమిన్) ఇచ్చి చూసిన ఫలితం వచ్చింది, అందులోనూ లాభం కనిపించలేదు. అంటే థైరాయిడ్ నిజంగా తగ్గిన పిల్లలకి మందు ప్రాణాధారం, మామూలుగా ఉన్నవాళ్లకి తెలివి కోసమని ఆ మందు వేయడం వల్ల ప్రయోజనం లేదు. మధ్యలో ఉన్నవాళ్లకి కొన్ని నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయించడం, థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడటం, టీఎస్‌హెచ్ 10 దాటుతుంటే గానీ టీ4 పడిపోతుంటే గానీ మందు మొదలుపెట్టడం, సాధారణంగా ఎండోక్రైనాలజిస్టులు, అంటే హార్మోన్ల డాక్టర్లు, వెళ్లే దారి ఇదే. అడగాల్సిన ప్రశ్న "మందు వేయాలా వద్దా" కాదు, "మళ్లీ పరీక్ష ఎప్పుడు, ఏ అంకె దాటితే మొదలుపెడతారు" అని. ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.

మందు పడ్డాక ఇంట్లో మన పని మొదలవుతుంది. లెవోథైరాక్సిన్ అనే ఈ థైరాయిడ్ మందు పరగడుపున ఒంటపట్టినట్టు తిన్నాక ఒంటపట్టదు. మేం పొద్దున లేవగానే బిళ్లని రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, నాలుగైదు నీటి చుక్కలు కలిపి, సూది లేని చిన్న సిరంజిలోకి లాగి, బుగ్గ లోపలివైపు మెల్లగా పోస్తాం. చెంచాకి అంటుకున్న పొడి వదిలేయకుండా ఇంకో రెండు చుక్కలతో కడిగి అదీ పోయాలి, చిన్న బిళ్ల కాబట్టి ఆ చెంచాకి అంటుకున్నదే మోతాదులో పెద్ద భాగం అయిపోతుంది. తర్వాత అరగంట నుంచి గంట దాకా తిండి పెట్టం. పసిబిడ్డలైతే కొద్దిగా తల్లిపాలల్లోనో నీళ్లల్లోనో కలపొచ్చు గానీ పాలసీసా నిండా కలపకండి, సగం తాగి వదిలేస్తే సగం మందే పడ్డట్టు. సోయా పాలపొడిలో అసలు కలపొద్దు. ఐరన్, కాల్షియం మందులకి దీనికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మాకు రెండూ ఉన్నాయి కాబట్టి థైరాయిడ్ బిళ్ల పొద్దున, ఐరన్ సాయంత్రం. పరగడుపున ఇవ్వడం మీ ఇంట్లో ఎలాగూ కుదరకపోతే రోజూ ఒకే టైమ్‌కి, ఒకే పద్ధతిలో ఇచ్చి ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, దాన్ని బట్టి మోతాదు సరిచేస్తారు. ఒకరోజు అలా, ఒకరోజు ఇలా ఇస్తేనే అంకెలు ఎటూ తేలవు. మోతాదు మార్చాక పెద్ద పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష ఉంటుంది, పసివాళ్లకి అంతకంటే ముందే.

అరుదుగానైనా థైరాయిడ్ ఎక్కువవడం కూడా జరుగుతుంది. పిల్లాడు ఉన్నట్టుండి బరువు తగ్గిపోతూ, చెమటలు పడుతూ, నిలకడ లేకుండా తిరుగుతుంటే "అల్లరి ఎక్కువైంది" అనుకోకుండా అదే పరీక్ష చేయించండి.

హిమోగ్లోబిన్ బాగుంది కదా అనే మాట

ఐరన్ దగ్గర మేం పడ్డ పొరపాటు చెప్తాను, ఎందుకంటే ఇది చాలామందికి జరుగుతుంది. మావాడి హిమోగ్లోబిన్ 11.2 ఉంది. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ అనే అంకె కూడా మామూలుగానే ఉంది. "రక్తం బాగానే ఉందమ్మా" అన్నారు, సంతోషంగా ఇంటికొచ్చేశాం. కానీ డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఎర్రకణాలు సహజంగానే కాస్త పెద్దవి. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి. పెద్దగా ఉండాల్సినవి కాస్త చిన్నవైతే చూడటానికి అంకె "మామూలు"గా కనిపిస్తుంది! అంటే మిగతా పిల్లల్లో ఐరన్ లోపాన్ని పట్టిచ్చే గుర్తు వీళ్లలో దాన్ని దాచేస్తుంది. అందుకే ఏడాది వయసు నుంచి ఏటా రక్తపరీక్ష చేయించేటప్పుడు హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకుండా ఫెర్రిటిన్ కూడా రాయమని అడగండి. దాంతోపాటు ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చెప్పే సీఆర్‌పీ కూడా అడగాలి. ఫెర్రిటిన్ జ్వరం, జలుబు, ఏ ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి లేస్తుంది, నిల్వలు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. పిల్లాడు దగ్గుతున్న వారంలో ఈ పరీక్షకి తీసుకెళ్లడం వృథా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఐదేళ్లలోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఫెర్రిటిన్ 12 కంటే తక్కువైతే లోపం, ఇన్ఫెక్షన్ ఉంటే 30 కంటే తక్కువైనా లోపమే. ఐదేళ్లు దాటితే 15. రాత్రంతా మంచం మీద గిరగిరా తిరుగుతూ కాళ్లు కొట్టుకునే పిల్లల విషయంలో నిద్ర డాక్టర్లు 50 దాకా కూడా ఐరన్ ఇచ్చి చూస్తారు, ఐరన్ తక్కువైతే నిద్ర కూడా చెడుతుంది కాబట్టి.

రక్తహీనత రాకముందే, నిల్వలు తగ్గిన దశలోనే, శ్రద్ధ తగ్గడం, చిరాకు, నీరసం మొదలవుతాయి. మెదడులో కణాల మధ్య సమాచారం అందించే డోపమైన్ తయారవడానికి, నరాల మీద పొర ఏర్పడటానికి ఐరన్ కావాలి.

లోపం ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడాలి. ఈ పిల్లల్లో ముఖ్యమైన కారణం నమలలేకపోవడం. నాలుక, దవడ కండరాలు మెత్తగా ఉండి నమలడం ఆలస్యంగా వస్తుంది, దాంతో మెత్తటి తిండి, పాలు దగ్గరే ఏళ్లతరబడి ఉండిపోతారు. పాలలో ఐరన్ దాదాపు లేదు, పైగా మిగతా తిండిలోని ఐరన్‌ని ఒంటపట్టనివ్వదు. ఏడాది దాటిన పిల్లలకి రోజుకి అర లీటరు పాలు చాలు. మావాడు అప్పట్లో లీటరు పైన తాగేవాడు, "కనీసం పాలైనా తాగుతున్నాడు" అని మేమే మురిసిపోతూ పోసేవాళ్లం. నమలడం నేర్పే థెరపిస్ట్ దగ్గరికి వెళ్లడం కూడా చదువు కోసం చేసే పనే అని ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

ఐరన్ మందు ఇచ్చేటప్పుడు పాలతో, టీతో కలపకండి, విటమిన్ సీ ఉన్న పండ్ల రసంతో ఇస్తే బాగా ఒంటపడుతుంది. ద్రవరూపంలో ఉన్నదైతే పళ్లకి నల్లగా పడుతుంది, సిరంజితో బుగ్గ వెనక్కి పోసి వెంటనే నీళ్లు తాగించాలి. మలం నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. మలబద్ధకం పెరిగితే మాత్రం మానేయకుండా డాక్టర్‌తో మాట్లాడి రకం మార్పించుకోండి. హిమోగ్లోబిన్ సరైపోయిందని వెంటనే ఆపకూడదు, నిల్వలు నిండటానికి సాధారణంగా ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. సీసా మాత్రం పిల్లలకి అందనంత ఎత్తులో తాళం వేసి పెట్టండి, ఎక్కువ తాగేస్తే ఐరన్ ప్రాణాంతకం. పెద్దమనిషైన ఆడపిల్లలకి నెలసరి ఎక్కువగా అవుతుంటే ఐరన్, థైరాయిడ్ రెండూ చూడాలి, థైరాయిడ్ తగ్గినా రక్తస్రావం ఎక్కువవుతుంది.

ఎంసీవీ మోసం బీ12 విషయంలోనూ ఉంది. బీ12 తగ్గితే కణాలు పెద్దవవుతాయి, వీళ్లలో ముందే పెద్దవి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మాంసం, గుడ్లు, పాలు సరిగా తీసుకోని పిల్లలు, ఎసిడిటీ మందు నెలల తరబడి వాడుతున్న పిల్లలు బీ12 పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. ఈ పిల్లల్లో తిన్నది పైకి తన్నడం మామూలు కాబట్టి ఎసిడిటీ మందు ఎప్పుడో మొదలుపెట్టి ఆపడం మర్చిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. ఇంకో జాగ్రత్త, బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఐరన్ మందు సరిగ్గా వాడినా ఫెర్రిటిన్ పెరగకపోతే, ఎత్తు బరువు ఆగిపోతే, పొట్ట ఉబ్బరం, విరేచనాలు లేదా మొండి మలబద్ధకం ఉంటే సీలియాక్ వ్యాధి గుర్తుకు రావాలి. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్‌ పడక పేగు దెబ్బతినడం ఇది. డౌన్ సిండ్రోమ్‌లో దాదాపు ఇరవై మందిలో ఒకరికి ఉంటుంది. పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ, దాంతోపాటు మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) ఎంతుందో కూడా చూడాలి, అది తక్కువుంటే మొదటి పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పరీక్ష అయ్యేదాకా గోధుమ మానిపించకండి. మానేస్తే పరీక్షలో ఏమీ దొరకదు. సీలియాక్ లేని పిల్లలకి గ్లూటెన్ మానిపిస్తే తెలివి పెరుగుతుందనడానికి ఆధారం లేదు, ఉన్న నాలుగు రకాల తిండిలో ఒకటి తగ్గిపోవడం తప్ప.

విటమిన్ డి కూడా చాలామందిలో తక్కువే ఉంటుంది, ఎముకల కోసం సరిచేయాలి. చదువుకి దానికి ముడిపెట్టక్కర్లేదు.

నిద్ర

తిండి, హార్మోన్ల గురించి రాస్తూ నిద్ర ఎందుకంటే, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే, పగలు నేర్చుకున్నది మెదడు దాచుకునేదీ నిద్రలోనే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతు దారి సన్నం, కండరాలు మెత్తన, టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అడ్డం, బరువు పెరిగితే ఇంకా ఎక్కువ. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఈ సమస్య ఉన్న డౌన్ సిండ్రోమ్ పిల్లల మాటలకి సంబంధించిన ఐక్యూ, సమస్య లేని డౌన్ సిండ్రోమ్ పిల్లలకంటే సగటున 9 పాయింట్లు తక్కువ కనిపించింది. ఏ టానిక్ డబ్బా మీదా ఇలాంటి అంకె ఉండదు, ఉన్నా నమ్మలేం.

"మావాడు గురక పెట్టడు, హాయిగా పడుకుంటాడు" అని మనం చెప్పేదానికి, స్లీప్ స్టడీలో, అంటే రాత్రంతా నిద్రలో ఊపిరి ఎలా ఉందో కొలిచే పరీక్షలో, తేలేదానికి పెద్దగా పొంతన ఉండదని తేలింది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు లక్షణాలు ఉన్నా లేకపోయినా నాలుగేళ్లలోపు ప్రతి బిడ్డకీ స్లీప్ స్టడీ చేయించమంటారు. మీ పిల్లలు అంతకంటే పెద్దవాళ్లయి ఇంకా చేయించకపోతే ఇప్పుడు అడగండి. ఈలోగా రాత్రి రెండు గంటలకి లేచి ఫోన్‌లో ఓ పది నిమిషాలు వీడియో తీయండి, మెడ వెనక్కి విరిచి పడుకోవడం, కూర్చుని ముందుకి వంగి నిద్రపోవడం, ఛాతీ లోపలికి పోవడం, ఊపిరి ఆగి ఒక్కసారి గుటక వేసినట్టు రావడం ఉంటే ఆ వీడియో డాక్టర్‌కి చూపించండి.

బరువు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు వీళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి మిగతా పిల్లలకంటే కాస్త తక్కువ, కాబట్టి అన్న ఎంత తింటే తమ్ముడికీ అంత పెడితే తమ్ముడు లావెక్కుతాడు. థెరపీలో మంచిగా చేసినప్పుడల్లా తినుబండారం చేతిలో పెట్టే అలవాటు వద్దు, పాట, చప్పట్లు, నచ్చిన బొమ్మ ఏదైనా సరే. పసివయసులో మాత్రం సమస్య దీనికి తలకిందులు. గుండెలో లోపం ఉన్న బిడ్డ పాలు తాగుతూ అలిసిపోతాడు, కొందరికి పాలు దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పదే పదే నిమోనియా వస్తున్నా, తాగేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మింగే పరీక్ష చేయించాలి. ఎదుగుదలని డౌన్ సిండ్రోమ్ పిల్లల కోసం ప్రత్యేకంగా వేసిన చార్టుల మీద కూడా చూడమని అడగండి.

పొడులు, టానిక్‌లు, ఇంటర్నెట్‌లో దొరికే ఆశ

ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపుతూనే ఉంటారు, ప్రేమతోనే పంపుతారు. 1981లో అమెరికాలో ఒక అధ్యయనం పెద్ద మోతాదు విటమిన్లతో ఐక్యూ పెరిగిందని ప్రకటించింది, ఎన్ని కుటుంబాలు ఆ మాట పట్టుకుని బిళ్లలు కొన్నాయో. తర్వాత వేరే వేరే బృందాలు అదే పద్ధతిలో మళ్లీ చేస్తే ఎవరికీ ఆ ఫలితం రాలేదు. 2008లో బ్రిటన్ బృందం ఏడు నెలలలోపు వయసున్న 156 మంది పసివాళ్లకి సెలీనియం, జింక్, విటమిన్ ఏ, సీ, ఈ, ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి ఏడాదిన్నర చూసింది. 21వ క్రోమోజోమ్ మీద ఉన్న ఎస్‌ఓడీ1 అనే జన్యువు వల్ల కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కువ, కాబట్టి యాంటీఆక్సిడెంట్లు పనిచేయాలి అన్నది వాళ్ల ఆలోచన. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఫలితం శూన్యం. పిరాసెటమ్ అనే మందు 2001లో పిల్లల మీద చూస్తే తెలివి పెరగలేదు, కోపం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి మాత్రం వచ్చాయి.

గ్రీన్ టీ సారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని వెనక నిజమైన సైన్స్ ఉంది. అందులోని ఈజీసీజీ అనే పదార్థం, 21వ క్రోమోజోమ్ మీది డైర్క్1ఏ అనే జన్యువు చేసే అతి పనిని తగ్గిస్తుంది. 2016లో బార్సిలోనాలో 84 మంది మీద, ఏడాది పాటు, మెదడు శిక్షణతో కలిపి ఇస్తే కొన్ని పరీక్షల్లో చిన్న మెరుగుదల కనిపించింది. కానీ వాళ్లంతా 16 నుంచి 34 ఏళ్లవాళ్లు. ఆ తర్వాత 6 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసినదాని ఫలితం 2022లో వచ్చింది, అందులో తెలివితేటల్లో స్పష్టమైన లాభం తేలలేదు. గాఢమైన సారం కాలేయాన్ని దెబ్బతీయగలదు, తిండిలోని ఐరన్‌ని ఒంటపట్టనివ్వదు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పిల్లలకి ఇవ్వకండి, నా ఖచ్చితమైన అభిప్రాయం ఇది.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తే ఎత్తు పెరుగుతారు, కానీ హార్మోన్ లోపం లేని పిల్లాడికి తెలివి కోసమని వేయడానికి ఆధారం లేదు. 2022లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ బృందం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని డౌన్ సిండ్రోమ్ ఉన్న ఏడుగురు వయోజన మగవాళ్లకి చేతికి కట్టిన చిన్న పంపుతో ఆర్నెల్లు ఇచ్చింది, ఆరుగురిలో మెరుగుదల కనిపించింది. ఆ వార్త చదివి నేనూ రాత్రి నిద్రపోలేదు. అయితే ఏడుగురే, పోల్చడానికి ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేదు, పిల్లలు అసలు లేరు. ఎదురుచూద్దాం, అంతే.

ఇవ్వడం వల్ల నష్టమేముంది అంటారు. ఉంది. విటమిన్ ఏ ఎక్కువైతే తలలో ఒత్తిడి పెరుగుతుంది, జింక్ ఎక్కువైతే రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. మా ఇంట్లో జరిగింది ఇంకోటి. దగ్గరి బంధువు పంపిన ఒక పొడి, "జుట్టుకీ, మెదడుకీ మంచిది" అని, రెండు నెలలు ఇచ్చాం. ఆ ఏడాది పరీక్షలో టీఎస్‌హెచ్ ఉన్నట్టుండి బాగా తగ్గి, టీ4 పెరిగినట్టు వచ్చింది. డాక్టర్ థైరాయిడ్ మోతాదు తగ్గించబోతూ కలం ఆపి, "బయోటిన్ ఉన్నదేమైనా ఇస్తున్నారా?" అని అడిగారు. మా ఆయన ఫోన్‌లో డబ్బా ఫొటో పెద్దది చేసి చూస్తే నాలుగో వరుసలో బయోటిన్, జుట్టు కోసమని కలిపే ఒక బీ విటమిన్. అది ఒంట్లో థైరాయిడ్‌ని ఏమీ చేయలేదు, ల్యాబ్ మిషన్‌ని మోసం చేసింది. వారం ఆపి మళ్లీ రక్తం ఇస్తే అంకెలు మామూలే. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే అవసరమైన మందు తగ్గించేసేవాళ్లం. థైరాయిడ్ పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు నుంచి బయోటిన్ ఉన్నవేవీ ఇవ్వకండి, ఇంట్లో ఇచ్చే ప్రతి డబ్బా ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి.

మార్పు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

పిల్లలు ఏ మందూ లేకుండానే నెలనెలా ఎదుగుతారు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు కూడా. ఆర్నెల్లు పొడి ఇచ్చాక రెండు కొత్త మాటలు వస్తే ఆ ఘనత పొడికి వెళ్తుంది, నిజానికి అది పిల్లాడి కష్టం, థెరపిస్ట్ కష్టం. అందుకే ఒక పద్ధతి పెట్టుకోండి. ఒకేసారి ఒక్కటే మార్చండి. ఐరన్, థైరాయిడ్ లాంటి వైద్యం ఆపమని కాదు, వాటితోపాటు కొత్త తిండి, కొత్త థెరపీ అన్నీ ఒకే వారంలో మొదలుపెట్టొద్దని. వారానికొకసారి, ఒకే టైమ్‌కి, ఒకే పని చేస్తుండగా రెండు నిమిషాల వీడియో తీయండి. మాకు ఆ రంగుల గిన్నెలే కొలబద్ద. మందు మొదలైన మొదటి వారం వీడియోలో వాడు రెండు బిళ్లలు వేసి పక్కకి ఒరిగిపోయాడు. ఐదో వారంలో ఆరు వేశాడు. తొమ్మిదో వారంలో అన్నీ వేసేసి, ఖాళీ చేతులు నా మొహానికి అడ్డంగా పెట్టి "అయ్" అన్నాడు, అయిపోయింది అని.

ఒక ఫైల్ పెట్టుకుని మొదటి పేజీలో ఒక పట్టిక గీయండి, తారీఖు, ఎత్తు, బరువు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, సీఆర్‌పీ, బీ12, ఆ రోజు జలుబు ఉందా, ఏ మందు ఎంత. డాక్టర్ మారినా ఆ పేజీ చూస్తే అర నిమిషంలో కథ అర్థమవుతుంది. చెవి పరీక్ష, కంటి పరీక్ష తారీఖులు కూడా అక్కడే రాయండి, సరిగా వినపడని పిల్లాడికి ఎంత ఐరన్ ఇచ్చినా మాటలు రావు.

పెద్దపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. పదేళ్లు దాటాక, టీనేజ్‌లో, ఉన్నట్టుండి మాట తగ్గిపోవడం, తనంతట తాను చేసుకునే పనులు మర్చిపోవడం, గంటల తరబడి ఒకేచోట బిగుసుకుపోవడం, నిద్ర లేకపోవడం వారాల్లోనే కనిపిస్తే, దాన్ని వయసు అనో మొండితనం అనో వదిలేయకండి. థైరాయిడ్, బీ12, సీలియాక్, నిద్ర అన్నీ వెంటనే చూడాలి, అవి బాగున్నా ఆగకూడదు. డౌన్ సిండ్రోమ్ రిగ్రెషన్ డిజార్డర్ అనే స్థితి ఒకటుంది, దానికి న్యూరాలజిస్ట్, సైకియాట్రిస్ట్ కలిసి చేసే చికిత్స ఉంది. మీ ఫోన్‌లో ఉన్న పాత వారాల వీడియోలు, కొత్తవి పక్కపక్కన పెట్టి చూపించండి, "ముందు ఇలా ఉండేది కాదు" అని నోటితో ఎంత చెప్పినా నమ్మని డాక్టర్ కూడా అవి చూశాక కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంటాడు.